అన్నీ సిద్ధమయ్యాక

శనివారం పొద్దున బ్రెడ్ కోసం మా వీధి చివర బేకరీకి వెళ్తే, అప్పుడే ఫ్యూజు కొట్టేసి మళ్ళీ కరెంటు వచ్చిందట. కౌంటర్ వెనక ఓవెన్ తెర నల్లగా ఉంది. అమ్మే ఆవిడ చేతులు కట్టుకుని దాని ముందు నిలబడి, "కొంచెం ఆగాలి, వీడు నిదానంగా నిద్ర లేస్తాడు" అంది. నా ముందున్న పెద్దాయన వాచీ చూసుకున్నాడు. వెనకావిడ గట్టిగా నిట్టూర్చింది. విసుక్కోనిది నేనొక్కదాన్నే. ఆ నల్లతెర కోసం మా ఆఫీసులో ఒక మనిషి ఏడాదిపాటు అందరితో పోట్లాడాడు. ఆయన పోయి రెండు నెలలైంది.

పేరు రాయను. బతికుంటే రాయనిచ్చే మనిషి కాదు. ఆఫీసులో జర్మన్లు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు. నేను "అన్నా" అనేదాన్ని. మాది తెనాలి, ఆయనది ఖమ్మం పక్కన ఒక ఊరు. భార్య, కూతురు హైదరాబాదులో, టోలీచౌకీలో ఉండేవారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజే, అడక్కుండానే చెప్పాడు: "వాళ్ళు కూడ వస్తరమ్మా. ఇక్కడ జర అన్నీ సెట్ అయినంక." ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

మా కంపెనీ బేకరీ ఓవెన్లు చేస్తుంది. జర్మనీలో కార్ల్స్‌రూహె ఊరి బయట, ట్రాము చివరి స్టాపుకి దగ్గర్లో ఉంటుంది. ఈ కాలపు ఓవెన్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. స్విచ్ వెయ్యగానే అందులో బోలెడు ప్రోగ్రాములు ఒక్కొక్కటే లేస్తాయి. గడియారం ఒకటి, వేడి కొలిచేది ఒకటి, ఫ్యాను నడిపేది, తలుపు గడియ చూసేది, తెరమీద అంకెలు వేసేది. వీటిలో ఎవరు ముందు లేవాలి, ఎవరు ఎవరికోసం ఆగాలి అన్నది రాయడమే ఆయన పని. ఆయన రాసినదాన్ని ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో చూడటం నా పని. మొదట్లో ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకున్నాను. ఇంట్లో నలుగురు నిద్ర లేచే వరస గురించి కూడా ఇంత చర్చ ఉండదు కదా అని మావారితో వేళాకోళం చేశాను.

ఆయన పరీక్ష చేసే తీరు చూడాలి. టెస్ట్ ఓవెన్ స్విచ్ వేసి, రెండడుగులు వెనక్కి వచ్చి, కళ్ళు మూసుకుని, కుడిచెవి తమ్మె పట్టుకుని నిలబడేవాడు. కంప్యూటర్లో అక్షరాలు బారులు తీరి పోతుంటే వాటివైపు చూసేవాడే కాదు. "ఫ్యాన్ లేచింది" అనేవాడు. టక్కుమని శబ్దం వస్తే "డోరు" అనేవాడు. వేడి కొలిచే ప్రోగ్రాము ఏ చప్పుడూ చెయ్యదు. దానికోసం ఒక్క క్షణం మౌనంగా ఉండి, తనలో తనే తలూపేవాడు. ఒకసారి ఆటపట్టిద్దామని ఆ సెన్సర్ వైరు లాగి జేబులో వేసుకున్నాను. ఫ్యాను లేచింది, గడియ పడింది, తెర మాత్రం రాలేదు. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, "వైరు ఇటియ్యి" అన్నాడు.

తెర చివర్న రావాలన్నది ఆయన పట్టు. వేడి సంగతి తెలియకముందే తెర వెలిగితే, అది నిన్నటి అంకె చూపించవచ్చు, సున్నా చూపించవచ్చు. బేకరీ మనిషి అదే నిజమనుకుని పిండి ముద్దలు లోపల పెట్టేస్తాడు. అందుకని మిగతావాళ్ళంతా లేచి, "నేను సిద్ధం" అని ఒక్కొక్కరూ చెప్పాకే తెర వెలగాలి. అమ్మకాల విభాగం వాళ్ళకి ఇది మింగుడు పడలేదు. స్విచ్ వెయ్యగానే కంపెనీ గుర్తు మెరవాలి, కొన్నవాడి మొహం వెలగాలి అని వాళ్ళ గోల. మీటింగులో అందరూ కూర్చున్నాక చివరగా వచ్చి చివరి కుర్చీలో కూర్చునే ఈయన, ఆ ఒక్క విషయంలో మాత్రం లేచి నిలబడి మాట్లాడేవాడు. "దీపం కనబడితే లోపల మనుషులు ఉన్నరనుకుంటరు. మనుషులు లేని ఇంట్ల దీపం ఎందుకు పెట్టాలె?" అని నాకు తెలుగులో చెప్పి, దాన్ని జర్మన్లో చెప్పమనేవాడు. నేను నానా తంటాలు పడి చెప్పేదాన్ని. చివరికి రాజీ కుదిరింది. కంపెనీ గుర్తు ఓవెన్ ఆర్పేటప్పుడు వస్తుంది. దానికి ఆయన నవ్విన నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

ఆయన చెప్పిన రెండు మాటలు నా ఉద్యోగం నిలబెట్టాయి. చేరిన కొత్తలో ఒక ప్రోగ్రాము తొందరపడి లేచి చతికిలబడుతుంటే, దానికి ముందు "ముప్ఫై సెకన్లు ఆగు" అని రాసి చేతులు దులుపుకున్నాను. పని చేసింది కూడా. ఆయన వచ్చి ఆ లైను మీద వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"ఆగమన్నాను అన్నా."

"ఎందుకు ఆగాలె?"

ఎందుకో నాకు తెలియదు. ఆగితే పని చేస్తోంది, అంతే.

"ఎంతసేపు అని రాయకమ్మా. దేనికోసం అని రాయి. దేనికోసమో తెల్వనోళ్ళే ఎంతసేపు అని రాస్తరు" అన్నాడు.

రెండోది క్యాంటీన్లో చెప్పాడు. ఒకరి తర్వాత లేవడం వేరు, ఒకరు లేకపోతే లేవలేకపోవడం వేరు అని ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. ట్రే పట్టుకుని వరసలో ఉన్నాం. "నువ్వు నా వెనక నిలబడ్డవ్. అంటే నేను ఇయ్యాల ఆఫీసుకు రాకపోతే నీకు బువ్వ దొరకదా?" అన్నాడు. అక్కడికక్కడే ఎక్కింది. ఒకరికొకరు అక్కర్లేనివాళ్ళని వరసలో నిలబెట్టొద్దు, అందర్నీ ఒకేసారి లేవనివ్వాలి అని ఆయన సిద్ధాంతం.

ఇంత తెలిసిన మనిషి సొంత విషయంలో మాత్రం అందర్నీ వరసలో నిలబెట్టాడు.

మొదట ఇల్లు. అది నిజంగానే ఆయన చేతిలో లేదు. కుటుంబానికి వీసా కావాలంటే సరిపడా గదులున్న ఇల్లు చూపించాలి. మూడు గదుల ఇల్లు అద్దెకి అడిగితే, ఒక్క మనిషికి ఇన్ని గదులెందుకని ఓనర్లు పొమ్మనేవారు. కుటుంబం ఉంది అంటే, ఎక్కడ అనేవారు. అప్పట్లోనే మా ఓవెన్లో ఇలాంటి చిక్కే వచ్చింది. గడియారం సరైన టైము కోసం నెట్‌వర్క్ రావాలని ఆగింది. నెట్‌వర్క్ ఏమో, టైము సరిగ్గా లేనిదే భద్రంగా మాట్లాడలేనని గడియారం కోసం ఆగింది. ఆయన నన్ను కూర్చోబెట్టి చూపించాడు.

"ఇద్దరు పెద్దమనుషులు బంతి కాడ నిలబడి, మీరు కూసోన్రి అంటే మీరు కూసోన్రి అన్నట్టు. అట్లయితే మెషీన్ ఏం చేస్తదో తెల్సా? ఇద్దర్ల ఒకర్ని పక్కకు పెట్టి మిగతా పని నడిపిస్తది. ఎవరినని మనల్ని అడగదు."

"మరి మనం ఏం చెయ్యాలి?"

"ఎవరో ఒకరు ఆగుడు బంద్ చెయ్యాలె. గడియారానికి చెప్దాం, నిన్న ఆర్పినప్పటి టైముతోనే లేవమని. తప్పు టైమే. అయినా లేవాలె. లేచినంక సరిజేసుకుంటది."

అలాగే రాశాడు. ఓవెన్ హాయిగా లేచింది. దాని తర్వాత కొన్నాళ్ళకి, వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్న ఒక ముసలావిడ పుణ్యమా అని ఆయనకి ఇల్లు కూడా దొరికింది. ఇంక వచ్చేస్తారు అనుకున్నాను. ఇక్కడ ఇల్లంటే ఉత్త గోడలు, వంటగదిలో గట్టు కూడా ఉండదు, అన్నీ మనమే పెట్టించుకోవాలి. వంటగది అయ్యాక అన్నాడు. వంటగది బిగించేవాడి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడానికి నెలలు పట్టింది. అది అయ్యాక పాప స్కూలు మధ్యలో ఉంది, ఏడాది పూర్తయ్యాక అన్నాడు. ఆ తర్వాత తన జర్మన్ పరీక్ష. ఆ తర్వాత ఇక్కడ పర్మనెంటుగా ఉండటానికి కాగితం. మధ్యాహ్నం అన్నం తినగానే మెట్ల దగ్గరికి వెళ్ళి ఇంటికి వీడియో కాల్ చేసేవాడు. ఫోను ఎంత వంకరగా పట్టుకునేవాడంటే, పాపం అవతలివాళ్ళకి ఎప్పుడూ మా ఆఫీసు సీలింగే కనబడి ఉంటుంది. "అయితది, అయితది, నేను చెప్త" అన్న మాట మెట్లమీదుగా వినిపించేది. రంజాన్ నెలలో సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు, కిటికీ వైపు తిరిగి ఒక్కడూ ఖర్జూరం పండు పట్టుకుని పొద్దు వాలడం కోసం చూస్తుండేవాడు. నాకు ఆ వీపు చూస్తే దిగులేసేది.

ఒక ఆదివారం నన్నూ మావారినీ భోజనానికి పిలిచాడు. ఇల్లంతా తిప్పి చూపించాడు. అద్దంలా తుడిచిన వంటగది. భార్యకి కుట్టుమిషను. పాపకి మంచం, బీరువా, కిటికీ పక్కన తెల్లటి రాతబల్ల, దానికి తగ్గ చిన్న కుర్చీ. తను మాత్రం హాల్లో సోఫామీద పడుకుంటున్నాడు. గదులు పాడవుతాయట. ప్లేట్లు కొత్తవి తీస్తుంటే నాకు మనసాగలేదు.

"అన్నా, ఇంకా ఏం తక్కువైంది ఇక్కడ?"

"బాల్కనీకి జాలీ పెట్టించాలె. పావురాలు లోపలికి రాకుండ."

"వదిన రావడానికి జాలీ కావాలా, జాలీ తర్వాతే వదిన రావాలని మీరు అనుకుంటున్నారా? మీరే కదా రెండూ వేరన్నారు."

మావారు నాకేసి కళ్ళురిమారు. ఆయన చెవితమ్మె పట్టుకున్నాడు.

"మంచిగ నేర్చుకున్నవ్. కానీ మెషీన్‌కు సిగ్గుండదమ్మా" అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "పెండ్లైన కొత్తల ఆమెను హైదరాబాద్ తీస్కపోయిన. ఒకటే రూము. పోంగనె మంచినీళ్ళు అడిగింది. ఇంట్ల గ్లాసు లేదు. పక్కింట్ల అడుక్కొచ్చి ఇచ్చిన. వాళ్ళ నాయిన అక్కడనే నిలబడి చూసిండు. ఏమనలే. ఆయన చూసిన చూపు నాకు ఇప్పటికీ కనబడతది. మళ్ళ ఆమెను ఒక ఇంటికి తెస్తే, అన్నీ ఉన్నంకనే తెస్త."

బగారా అన్నం బాగా కుదిరింది. తిని వచ్చేశాం.

పోయిన ఎండాకాలంలో వాళ్ళు వచ్చారు. ఉండటానికి కాదు, సెలవులకి. పాప ఇంటర్ పూర్తి చేసింది, వదినకి స్కూలుకి సెలవులు. ఆవిడ అక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెప్తుంది. నేను పలకరించడానికి వెళ్ళేసరికి పాప తన గదిలో ఆ రాతబల్ల ముందు కూర్చుని ఉంది. మోకాళ్ళు కిందికి పట్టక పక్కకి తిరిగి కూర్చుంది. "మంచిగుంది ఆంటీ, క్యూట్‌గా ఉంది" అని నవ్వింది. అన్న గుమ్మంలో నిలబడి ఆ మోకాళ్ళనే చూస్తున్నాడు. ఆ చూపు నేను భరించలేక వంటగదిలోకి వెళ్ళిపోయాను.

వదిన టీ పెడుతోంది. ఏ డబ్బా ఎక్కడుందో ఒక్కొక్క అరా తీసి వెతుక్కుంటోంది. ఆవిడ మాట నెమ్మది.

"ఎంత ఖర్చు పెట్టిండో చూడు చెల్లె. మేం అక్కడ మేడమీద ఆయనకు ఒక రూము కట్టించినం. బల్ల, కుర్చీ, ఇన్వర్టరు, అన్నీ. ఇంటి నుంచి పని చేసుకోవచ్చు గదా ఇప్పుడు. ఎప్పుడొస్తరని మేం అడుగుతనే ఉన్నం. అన్నీ సెట్ కానియ్యి, చెప్త అంటడు."

"మీరు ఇక్కడికి రావాలని కదా వదినా ఆయన..."

"తెల్సు. ఆయన వస్తడేమో అని నేను నా నౌకరీ వదలలే. నేను వస్తనేమో అని ఆయన ఆయనది వదలలే." టీ వడపోస్తూ అంది. కోపంగా అనలేదు.

గ్లాసు సంగతి అడిగేశాను. ఆవిడ చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.

"ఏం గ్లాసు?"

చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాకు యాదికి లేదు చెల్లె. ఆ రూము మాత్రం యాదికుంది. కిటికీల నుంచి మంచిగ గాలొచ్చేది. ఇద్దరం అక్కడ సంతోషంగ ఉన్నం" అంది.

స్టేషన్లో వాళ్ళని ఎయిర్‌పోర్టు రైలు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. ఆయన సామాను ఎక్కిస్తుంటే పాప నన్ను పక్కకి లాగి అడిగింది: "ఆంటీ, ఇక్కడ పప్పాకి అన్నీ అయిపోయినయ్ కదా. ఇంకెప్పుడొస్తడు ఇంటికి?" పదిహేడేళ్ళ పిల్ల. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల కూడా ఎదురుచూస్తోందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆయనకీ తట్టి ఉండదు.

సోమవారం క్యాంటీన్లో ఆయనకి అన్నీ చెప్పాను. మేడమీద గది చెప్పాను. గ్లాసు ఆవిడకి గుర్తు లేదనీ చెప్పాను.

"యాదికి లేదన్నదా?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "నిజంగనే లేదన్నదా?" అన్నాడు.

"కిటికీలోంచి గాలి వచ్చేదట. అది గుర్తుందట."

ప్లేటు పక్కకి జరిపాడు. "కొత్త మోడల్ బయటికి పోనీ. పోత" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎంతసేపు అని కాదు అన్నా, దేనికోసమో చెప్పండి" అన్నాను. అంత గట్టిగా అనకూడదు. అనేశాను.

ఆయన ట్రేమీద చెంచా సర్దుతూ అన్నాడు: "అక్కడ నేను లేకుంటనే అన్నీ నడుస్తున్నయమ్మా. ఆమెకు ఆమె పని, బిడ్డకు బిడ్డ చదువు. నేను పోయి ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఉండాలి. అంతే."

నవ్వాడు. నవ్వో కాదో గానీ ముఖం కొంచెం తేలికపడింది. ఆ వారంలోనే డిసెంబరు నెలంతా సెలవు పెట్టాడు. ఆయన అంత సెలవు పెట్టడం మా మేనేజరు నమ్మలేక నన్ను పిలిచి నిజమేనా అని అడిగాడు. అక్కణ్ణుంచే పని చేసుకోవచ్చా అన్న మాట కూడా ఆయన కదిపాడట. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

నవంబరులో ఒక సోమవారం ఆయన ఆఫీసుకి రాలేదు. ఫోను ఎత్తలేదు. చెప్పకుండా మానేసే మనిషే కాదు. మేనేజరు ఆ బిల్డింగు చూసుకునే అతనికి ఫోను చేశాడు. గుండె అన్నారు. ఆదివారమే పోయి ఉంటాడన్నారు. సోఫాలోనే ఉన్నాడట. ఆయన్ని ఆస్పత్రి మార్చురీకి తీసుకెళ్ళారు.

వదినకి చెప్పే పని నామీద పడింది. ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. అవతల ఎవరో పెద్దావిడ ఏడుపు, పాప గొంతు, తలుపుల చప్పుడు. ఫోను పెట్టేశారు. గంట తర్వాత ఆవిడే మళ్ళీ చేసింది.

"ఆయన్ను ఇంటికి తేవాలంటే ఏం కావాలె చెల్లె?"

అప్పటికే కనుక్కుని ఉన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. ముందు డాక్టరు కాగితం కావాలి. అది ఉంటేనే టౌన్‌హాల్లో మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తారు. అది ఉంటేనే మన కాన్సులేట్ వాళ్ళు తమ అనుమతి కాగితం ఇస్తారు. ఆ రెండూ ఉంటేనే విమానంవాళ్ళు తీసుకుంటారు. ఒకటి చేతికి రానిదే ఇంకోదానికి అడగడానికి లేదు. చెబుతూ చెబుతూ నా గొంతు నాకే వినబడింది. ఆయన నాకు నేర్పిన పద్ధతిలోనే చెబుతున్నాను.

ఆవిడ చివరిదాకా విన్నది.

"ఇవన్నీ అయ్యేదాంక ఆగాల్నా?"

"అవును వదినా. వారం పట్టొచ్చు."

"ఎండాకాలం తీసుకున్నది ఏడాది వీసా, ఇంకా ఉంది నాకు. బిడ్డకూ ఉంది. కాగితాలు అయినప్పుడు అయితయ్. మేం రేపే వస్తున్నం" అంది. తర్వాత అడిగింది. "అప్పటిదాంక ఆయన ఒక్కడే ఉంటడా చెల్లె?"

ఇన్నేళ్ళూ ఒక్కడే ఉన్నాడు వదినా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదు వదినా. నేను వెళ్తున్నాను" అన్నాను.

మావారికి ఫోన్లో చెప్పి, కోటు వేసుకుని, ఆస్పత్రి వైపు వెళ్ళే ట్రాము ఎక్కాను.